ఎనిమిదో తరగతికి పర్మిషన్

సినిమాల్లో ప్రొడక్షన్ మేనేజర్ ఏం చేస్తాడని కొత్తగా ఫీల్డులోకి వచ్చిన పిల్లలు నన్ను అడుగుతుంటారు. దర్శకుడు "ఎల్లుండి ఆసుపత్రిలో సీన్ తీయాలి" అంటే, ఆ ఆసుపత్రివాళ్ళ చేత సరే అనిపించేవాడే మేనేజర్ అని చెబుతాను. ముప్పై ఏళ్ళకు పైగా నేను చేసింది అదే. పోలీసు స్టేషన్లు, కల్యాణ మండపాలు, శ్మశానాలు, ఒకసారి నడుస్తున్న చక్కెర ఫ్యాక్టరీ. అన్నిటికీ పర్మిషన్ తెచ్చాను. రిటైరై ఇంట్లో కూర్చున్నాక చూసుకుంటే వాటిలో సగం గుర్తే లేవు. బాగా గుర్తున్నది మాత్రం ఒక పాపకు ఎనిమిదో తరగతిలో సీటు కోసం తిరిగిన వేసవి. ఆ పని సరిగ్గా చేశానో లేదో నాకు ఈరోజుకీ తెలియదు. తెలియకుండానే రాస్తున్నాను.

ఆ పాప అప్పటికి మా నిర్మాతగారి సినిమాలు మూడు చేసింది. వాళ్ళ నాన్న సెట్లు కట్టే వడ్రంగి, అమ్మ ఒకప్పటి జూనియర్ ఆర్టిస్టు. యూసుఫ్‌గూడలో రెండు గదుల కిరాయి ఇల్లు. ఎనిమిదేళ్ళప్పుడు నాన్నతో సెట్‌కి వచ్చి, చెక్కపొట్టులో కూర్చుని పెద్ద నటీనటుల్ని అనుకరిస్తుంటే మా దర్శకుడు చూశాడు. వెంటనే కెమెరా ముందు నిలబెట్టాడు. మొదటి సినిమా విడుదలై పాప పేరు మోగుతున్న రోజుల్లో కరోనా వచ్చింది. బడులు మూతపడి ఫోన్లో పాఠాలు మొదలయ్యాయి. బడులు తెరుచుకునేలోగా మా షూటింగులు తెరుచుకున్నాయి. వాళ్ళ వీధి చివర ఉన్న చిన్న ప్రైవేటు బడిలో పాప పేరు రిజిస్టరులో ఉండేది. ఏటా పై తరగతికి వెళ్ళేది కూడా పేరే.

సెట్‌లో పాపకు డైలాగు చెప్పేవాడు మా కో-డైరెక్టర్. విజయవాడ మనిషి, నాతో పాటు పదిహేనేళ్ళు పనిచేశాడు. రెండుసార్లు చదివి వినిపిస్తే చాలు, అరపేజీ డైలాగు కామా కూడా పోకుండా చెప్పేసేది. పెద్ద హీరోలు పేపరు చేత్తో పట్టుకుని తంటాలు పడుతుంటే, ఈ పిల్ల కాగితం ఒళ్ళో పెట్టుకుని నిమ్మళంగా కూర్చునేది. "ఏకసంథాగ్రాహి అండీ బాబూ" అని కో-డైరెక్టర్ అందరికీ చెప్పేవాడు. మేమందరం తల ఊపేవాళ్ళం. ఇంట్లో తెలంగాణ మాట, కెమెరా ముందు మా కోస్తా మాట. ఆ పిల్లకు రెండూ నల్లేరు మీద నడకే.

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. పిల్లలతో షూటింగ్ చేసేటప్పుడు చదువు ఆగకుండా చూసుకుంటామని కంపెనీ తరఫున రాసివ్వాలి. మొదటి సినిమాకి ఒక టీచరమ్మను పెట్టాను. నాలుగు రోజులు వచ్చింది. మేకప్ అయ్యేసరికి పాఠం టైం అయిపోయేది, పాఠం మొదలుపెడితే షాట్ రెడీ అనేవారు. అయిదో రోజు నుంచి ఆవిడ రాలేదు, నేనూ పిలవలేదు. "విరామ సమయాల్లో చదువు చెప్పించబడుతున్నది" అనే కాగితం మీద సంతకం మాత్రం మూడు సినిమాలకీ పెట్టాను. ఆ సంతకం నాదే.

మూడో సినిమా బాగా ఆడింది. విజయోత్సవ సభలో నిర్మాతగారు మైకు పట్టుకుని, "ఈ పాప చదువు బాధ్యత ఇక మా సంస్థది" అన్నారు. చప్పట్లు మోగాయి. మర్నాడు ఫిల్మ్ నగర్ ఆఫీసులో నన్ను పిలిచి, "విన్నావుగా. జూన్ లోపల మంచి స్కూల్లో వేసెయ్. అనౌన్స్ చేసేశాం మరి" అన్నారు.

"ఏ స్కూలండీ?"

"మంచిదయ్యా. నాకేం తెలుసు? నువ్వే చూడు."

ఆయనకు నా మీద అంత నమ్మకం. లొకేషన్ పర్మిషన్లకు నేను వాడే నోటు పుస్తకం ఉంది. చోటు పేరు, కలవాల్సిన మనిషి, షరతులు, బండ్లు ఎక్కడ పెట్టుకోవాలి అని గళ్ళు గీసి ఉంటాయి. అదే పుస్తకంలో కొత్త పేజీ తిప్పి బయలుదేరాను. నాకు పిల్లల్లేరు. నేను చదివింది మా గోదావరి జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూలు. అక్కడ చేర్చడమంటే మా నాన్న నా చెయ్యి పట్టుకుని వెళ్ళి హెడ్మాస్టరుకు దణ్ణం పెట్టడమే.

మొదటి స్కూలు షేక్‌పేట ఫ్లైఓవర్ దగ్గర. రిసెప్షన్‌లో అమ్మాయి, "ఏ ప్రోగ్రామ్ కావాలి సార్?" అంది. ప్రోగ్రామ్ అంటే మాకు తెలిసింది ఆడియో ఫంక్షన్.

"పాపకి ఎనిమిదో తరగతి కావాలమ్మా."

"అదే సార్. ఎనిమిదిలో మాకు మూడు ప్రోగ్రామ్స్ ఉన్నాయి. రెగ్యులర్, ఇంజినీరింగ్ ఫౌండేషన్, మెడికల్ ఫౌండేషన్."

ఎనిమిదిలోనే డాక్టరో ఇంజినీరో తేల్చుకోవాలని నాకు తెలియదు. ఆలోచించుకుని వస్తానన్నాను. అది స్టేట్ సిలబస్ స్కూలని బయటికొచ్చాక బోర్డు మీద చూశాను. రెండోది సెంట్రల్ సిలబస్. అక్కడ గుమాస్తా పెద్దమనిషి ఓపిగ్గా కూర్చోబెట్టి చెప్పాడు. ఎనిమిదిలో ఎవరైనా ఖాళీ చేస్తేనే సీటు ఉంటుందట. తొమ్మిదిలో బోర్డుకు పేర్లు పంపిస్తారు గనక ఆ తర్వాత చేరడం కష్టమట. సెకండ్ లాంగ్వేజ్ హిందీ అయితే ఒక లెక్క, తెలుగు అయితే ఇంకో లెక్క. ప్రవేశ పరీక్ష ఇంగ్లీషు, లెక్కలు, సైన్సు. ఇదంతా పుస్తకంలో 'షరతులు' గడిలో రాసుకున్నాను. గడి సరిపోక 'బండ్లు' గడిలోకి కూడా రాశాను. ఇంటికెళ్ళి చదువుకుంటే ఒక్క ముక్క అర్థం కాలేదు.

కో-డైరెక్టర్‌కి చూపిస్తే, "ఇదంతా ఎందుకండీ? ఓపెన్ స్కూల్లో కట్టించండి. బడికి వెళ్ళక్కర్లేదు, వయసు రాగానే టెన్త్ రాయొచ్చు. మనకి షూటింగ్ డేట్లకీ ఇబ్బంది ఉండదు" అన్నాడు. అదీ బాగానే ఉన్నట్టు అనిపించింది. ఆ రోజుల్లో ఎవరు ఏం చెప్పినా నాకు బాగానే ఉన్నట్టు అనిపించేది.

పాప తల్లి దగ్గరికి వెళ్ళి ఇవన్నీ వరసపెట్టి చెప్పాను. ఆమె చివరిదాకా వింది. "సార్, గవన్నీ నాకు సమజ్ గావు. డైరెక్టర్ల పిల్లలు ఏడ చదువుతున్నరో నా బిడ్డ గాడ చదవాలె" అంది.

జూబ్లీహిల్స్‌లో అలాంటి స్కూలు ఒకటి ఉంది. ఇంటర్నేషనల్ సిలబస్. గేటు దగ్గర నుంచి ఆఫీసు గదికి వెళ్ళడానికే బ్యాటరీ బండి ఎక్కించారు. అడ్మిషన్స్ చూసే మేడం పాప పేరు వినగానే కుర్చీలోంచి లేచింది. "ఓ, ఆ పాపా! మా స్టాఫ్ అందరూ ఫ్యాన్సే సార్. మార్కులతో పని లేదు. ఎంట్రన్స్ ఉండదు. జస్ట్ ఒక ఇంటరాక్షన్. పిల్లలతో కాసేపు మాట్లాడతామంతే."

మాట్లాడటమే అయితే మా పాపకు ఎదురేముంది? పుస్తకంలో ఆ స్కూలు పేరు కింద రెండు గీతలు గీశాను.

ఇంటరాక్షన్ రోజు నేనూ, తల్లీ, పాపా వెళ్ళాం. గదిలో అడ్మిషన్స్ మేడం, ఇంకొక ఇంగ్లీషు టీచరు. పాప చేతులు కట్టుకుని నవ్వుతూ జవాబులు చెప్పింది. టీచరు ఒక కాగితం ఇచ్చింది. గూడు చెదిరిన పక్షి కథ, ఇంగ్లీషులో ఎనిమిది లైన్లు. "పైకి చదువు నాన్నా" అంది.

పాప కాగితం తీసుకుని చూసింది. తర్వాత తిన్నగా నా చేతికిచ్చింది. "అంకుల్, మీరు చదివి వినిపించండి. టోన్ పట్టుకుంటాను" అంది, సెట్‌లో అన్నట్టే.

నాకు ఏమీ తప్పుగా అనిపించలేదు. సెట్‌లో ముప్పై ఏళ్ళుగా చూస్తున్నదే. నా గోదావరి ఇంగ్లీషులో రెండుసార్లు చదివి ఇచ్చాను. పాప కాగితం ఎదురుగా పట్టుకుని మొదలుపెట్టింది. ఆ పక్షి గూటి చుట్టూ తిరిగే చోట గొంతు తగ్గించి, వాన వచ్చే చోట పెంచి, చివర్లో ఒక్క క్షణం ఆగి ముగించింది. టీచరు కళ్ళు తుడుచుకుంది. నేను తప్పు పలికిన రెండు మాటలు పాప కూడా తప్పుగానే పలికింది. అది మాత్రం నా చెవికి తగిలింది.

"బ్యూటిఫుల్! పక్షి తిరిగొచ్చింది అనే లైను ఎక్కడుందో చూపించు నాన్నా" అని టీచరు మామూలుగా అడిగింది.

పాప వేలు కాగితం మీదికి వెళ్ళింది. మూడో లైను మీద ఆగింది. ఆ మాట ఉన్నది అడుగున, చివరి లైనుకు ముందు. నేను అప్పుడే చదివాను గనక నాకు తెలుసు. సరిగ్గా అప్పుడే అడ్మిషన్స్ మేడం ఫోను పట్టుకుని లేచి, "ఒక్క సెల్ఫీ ప్లీజ్" అంది. టీచరు కూడా నవ్వుతూ పాప పక్కకు వెళ్ళింది. వేలు కాగితం మీంచి లేచిపోయింది.

సీటు అక్కడికక్కడే ఇచ్చేశారు. తిరిగొస్తూ కారులో తల్లి చుట్టాలందరికీ ఫోన్లు చేసింది. పాప కిటికీలోంచి బయటికి చూస్తోంది. నేను ముందు సీట్లో కూర్చుని, కంగారులో వేలు అక్కడ పెట్టి ఉంటుందిలే అనుకున్నాను. ఫిల్మ్ నగర్ మలుపు వచ్చేదాకా అలాగే అనుకుంటూ వచ్చాను.

రెండు రోజులకు దరఖాస్తు మీద సంతకాలకని వాళ్ళింటికి వెళ్ళాను. ఈ స్కూల్లో ఎందుకు చేరాలనుకుంటున్నావో అయిదు వాక్యాలు పిల్లలే చేత్తో రాయాలని అందులో ఉంది. తల్లి వంటగదిలో ఉంది. పాప పెన్ను తీసుకుని కాసేపు తిప్పి, "మీరే రాయుండ్రి అంకుల్" అంది. కెమెరా మాట పోయి ఇంటి మాట వచ్చింది.

"నువ్వే రాయాలంట తల్లీ. తెలుగులో రాసినా పర్లేదు."

రాయలేదు. అక్కడే పడున్న పేపరు తీసి, సినిమా పేజీలో పాప ఫోటో కింద ఉన్న రెండు లైన్లు చూపించి, "ఇది చదువు" అన్నాను. తన పేరు చదివింది. తర్వాతి మాట దగ్గర ఆగింది. ఒక్కొక్క అక్షరం మీద వేలు పెట్టి, పెదాలు కదిపి, 'బా' అంది, 'ల' అంది. ఆ పక్కన ఒత్తు చూసి ఇక కదల్లేదు. మూడో తరగతి పిల్ల చదివేపాటి కూడా కాదు. దరఖాస్తులో ఉన్న ఇంగ్లీషు సంగతి నేను అడగలేదు.

"సెట్‌లో కాగితం ఒళ్ళో పెట్టుకుంటావు కదమ్మా?"

"అందరు పెట్టుకుంటరు కదా అంకుల్. నేను కూడ పెట్టుకుంట." గొంతు తగ్గించింది. "ఎవ్వరికి చెప్పకుండ్రి. సెట్ల తెలిస్తే నవ్వుతరు. అమ్మకు కూడ చెప్పకుండ్రి."

చెప్పనన్నాను.

ఆఫీసుకు వెళ్ళి కో-డైరెక్టర్‌ను పక్కకు తీసుకెళ్ళాను. ఇచ్చిన మాట తప్పడానికి నాకు గంట కూడా పట్టలేదని ఇప్పుడు రాస్తుంటే తెలుస్తోంది. అతను ఆశ్చర్యపోతాడనుకున్నాను. సిగరెట్ ఆర్పి, "తెలుసండీ" అన్నాడు.

"ఎప్పట్నుంచి?"

"రెండో సినిమా నుంచి. ఒకరోజు పొరపాటున వేరే సీన్ పేపరు ఇచ్చాను. అదే ఒళ్ళో పెట్టుకుని అసలు డైలాగు చెప్పింది."

"మరి నాకెందుకు చెప్పలేదయ్యా?"

"చెప్తే ఏం చేసేవారు? షూటింగ్ ఆపేవారా?" అన్నాడు. కోపంగా అనలేదు. నిజంగానే అడిగాడు. నేను ఆపేవాణ్ణి కాదు. ఆ సంగతి మా ఇద్దరికీ తెలుసు.

పాప పేరు ఎత్తకుండానే సంగతి కనుక్కుందామని జూబ్లీహిల్స్ స్కూలుకు మళ్ళీ వెళ్ళాను. చదవడం బాగా వెనకబడిన పిల్లలుంటే మీ దగ్గర ఏం చేస్తారని అడ్మిషన్స్ మేడంని అడిగాను. ఆవిడ తెలివైన మనిషి, వెంటనే పట్టేసింది. "డోంట్ వర్రీ సార్. మాకు సపోర్ట్ ప్రోగ్రామ్ ఉంది. పరీక్షల్లో ఎక్స్‌ట్రా టైం ఇస్తాం. అవసరమైతే ప్రశ్న చదివి వినిపించడానికి మనిషిని కూడా ఇస్తాం. తనకి సిగ్గుపడే పరిస్థితి రానివ్వం."

"అక్షరాలు ఎవరు నేర్పుతారండీ?"

"ఎనిమిదికి వచ్చాక ఆ లెవెల్ నుంచి అంటే... పర్సనల్ ట్యూటర్‌ని మీరే పెట్టుకోవచ్చు సార్."

ఆవిడ చెడ్డమాటేం చెప్పలేదు. చదవలేని పిల్లలకు అలాంటి మనిషి అవసరమయ్యే సందర్భాలు ఉంటాయని ఎవరో డాక్టరు తర్వాత నాతో అన్నారు కూడా. కానీ ఈ పిల్లకు చదివి వినిపించే మనుషులు అయిదేళ్ళుగా ఉంటూనే ఉన్నారు. ట్యూటర్ అనగానే నాకు నా నాలుగు రోజుల టీచరమ్మ గుర్తొచ్చింది. మంచి స్కూలు చేతిలో ఉంది, సీటు ఉంది, అందరూ సంతోషంగా ఉన్నారు. నాకెందుకు ఈ బాధ అనుకుంటూనే బ్యాటరీ బండి ఎక్కకుండా గేటు దాకా నడిచొచ్చాను.

ఎవర్ని అడగాలో తెలియనప్పుడు నాకు ఒక హెడ్మిస్ట్రెస్ గుర్తొచ్చింది. యూసుఫ్‌గూడ వైపు ప్రభుత్వ హైస్కూలు ఆవిడది. అంతకు రెండేళ్ళ ముందు షూటింగ్‌కు బడి ఇమ్మని వెళితే, "పిల్లల పరీక్షలున్నయి. సినిమా గినిమా గీడ నడవది" అని గుమ్మంలోంచే పంపేసింది. నా ఉద్యోగంలో పై నుంచి ఫోను చేయించినా కాదన్న మనిషి ఆవిడొక్కతే. ఆ రోజు తిట్టుకున్నాను. ఇప్పుడు నాకు సరిగ్గా అలా చెప్పేవాళ్ళే కావాలనిపించింది.

ఆవిడ నన్ను గుర్తుపట్టింది. "మల్ల వచ్చిండ్రా?" అంది.

షూటింగ్ కాదన్నాను. కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చింది. ఈసారి ఏదీ దాచకుండా చెప్పాను, నా సంతకాలతో సహా. చివర్లో, "పిల్ల వయసెంత?" అని మాత్రం అడిగింది.

"పదమూడు నిండలేదండీ."

"మంచిగైంది. వయసు ప్రకారం ఎనిమిదిలనే కూసుంటది. చిన్నపిల్లల నడుమ కూసోబెట్టం. చదువు మాత్రం మొదట్నుంచి. బడికి ముందు గంట, విడిచినంక గంట, మా తెలుగు టీచరు, నేను చెప్తం. గిట్ల చేర్చుకునుడు ఎనిమిది దాక్నే ఉంటది సార్. వచ్చే ఏడు తొమ్మిదికి తెస్తే నా చేతుల ఏముండది." లేచి నిలబడి, "రేపు తీస్కరండి. ఒక్కదాన్నే. కెమెరాలు, ఫోన్లు వద్దు" అంది.

నెలరోజులుగా తిరుగుతుంటే, నాకు పూర్తిగా అర్థమైన మొదటి అడ్మిషన్ అదే.

మర్నాడు తల్లికి ఏదో సాకు చెప్పి పాపను తీసుకెళ్ళాను. నన్ను వరండాలో ఉండమన్నారు. ముప్పావుగంట తర్వాత పాప బయటికొచ్చింది. చేతినిండా చాక్‌పీస్ పొడి. కారులో నేను అడక్కముందే, "గా మేడం మంచిగుంది" అంది.

ఇక తల్లికి చెప్పాలి. ఎలా చెప్పాలో తేలక నాలుగు రోజులు గడిపాను. అదే నా తప్పుకు మొదలు. ఈలోపు జూబ్లీహిల్స్ స్కూలువాళ్ళు పాప ఫోటోతో పోస్టరు వేస్తామని నిర్మాతగారికి ఫోన్ చేశారు. ఆయన తల్లీకూతుళ్ళను ఆఫీసుకు రమ్మన్నారు. నేను, కో-డైరెక్టర్, పోస్టర్లు డిజైన్ చేసే ఇద్దరు కుర్రాళ్ళు అక్కడే ఉన్నాం. పాప బయట వరండాలో మా ఆఫీసు పిల్లితో ఆడుకుంటోంది.

"ఏమయ్యా, దరఖాస్తు ఇంకా ఇవ్వలేదంట? వాళ్ళు అడుగుతున్నారు" అన్నారు నిర్మాతగారు.

"ఇంకో స్కూలు చూశానండీ. అది కూడా ఒకసారి..."

"ఏ స్కూలు?"

చెప్పాను. తల్లి నా వైపు తిరిగింది. "సర్కారు బడా? ఏంది సార్ గిట్ల మాట్లాడుతున్నరు? నా బిడ్డ ఏం తప్పు చేసింది? నేను బస్తీల ఎట్ల ముఖం చూపియ్యాలె?"

నిర్మాతగారు బల్ల మీద చెయ్యి వేశారు. "నీకేమైనా మతి పోయిందా? స్టేజి మీద చెప్పాం. పేపర్లో వచ్చింది. కారణం ఏంటో చెప్పు ముందు."

కారణం చెప్పకుండా వేరేగా నచ్చచెప్పాలని ఎంతో ప్రయత్నించాను. ఫీజు అన్నాను, దూరం అన్నాను. జూబ్లీహిల్స్ ఏం దూరమని నవ్వారు. తల్లి ఏడుపు మొదలుపెట్టింది. "పాపకి చదవడం రాదండీ!" అని అరిచినట్టే అనేశాను.

గదిలో ఎవరూ నా వైపు చూడటం లేదు, అందరూ గుమ్మం వైపు చూస్తున్నారు. పాప పిల్లిని ఎత్తుకుని అక్కడ నిలబడి ఉంది.

చాలా ఏడుపు సీన్లకు పర్మిషన్లు తెచ్చాను గానీ, ఆ పిల్ల ముఖం ఆ రోజు ఎలా ఉందో చెప్పడం నాకు చేతకాదు. పోస్టర్ల కుర్రాళ్ళిద్దరూ తలలు దించుకున్నారు. తల్లి వెళ్ళి పాప రెండు భుజాలూ పట్టుకుంది. "గాయన ఏమంటుండు? అబద్ధమని చెప్పు. ఏడు పాసైనవ్ కదా. చెప్పు బిడ్డా!"

పాప పిల్లిని కిందికి దించింది. "నిజమే అమ్మా. నాకు రాదు" అంది. తర్వాత నిర్మాతగారి వైపు చూసి, సినిమా భాషలో కాకుండా ఇంటి భాషలోనే చెప్పింది. "సార్, నేను గా బడికే పోత. గా మేడం నన్ను యాక్టింగ్ చెయ్యమనలే."

నా వైపు మాత్రం చూడలేదు.

నిర్మాతగారు కోపిష్ఠే గానీ పిల్లల విషయంలో మెత్తన. చాలాసేపు కణతలు రుద్దుకుని, "సరే, పోస్టరు వద్దని చెప్పు" అన్నారు. అందరూ వెళ్ళాక నన్ను ఉండమని, "ఆ చదువు కాగితాల మీద సంతకాలు ఎవరివి?" అని అడిగారు. నావేనన్నాను. ఆయన తిడితే బాగుండేదనిపించింది. ఆ తర్వాత మొదలైన సినిమాకు వేరే మేనేజరును పెట్టుకున్నారు. నన్ను ఆఫీసు పనికి మార్చారు. ఏడాదికి రిటైరయ్యాను.

పాప ఆ జూన్‌లో సర్కారు బడిలో ఎనిమిదిలో చేరింది. అంతా సుఖంగా సాగిందని చెబితే అబద్ధమవుతుంది. మొదటివారం గేటు దగ్గర ఫోన్లు పట్టుకుని జనం. తరగతిలో ఎవరో 'హీరోయిన్‌కి ఒత్తులు రావు' అని పాట కట్టారట. మూడో రోజు మధ్యాహ్నం ఇంటికి పారిపోయింది. హెడ్మిస్ట్రెస్ స్వయంగా వాళ్ళింటికి వెళ్ళి, తల్లితో పోట్లాడి, మళ్ళీ తీసుకెళ్ళిందని విన్నాను. సినిమాలు తగ్గిపోయాయి. ఒక పెద్ద సినిమా ఈ పిల్లను వదిలి ఇంకో పిల్లను తీసుకుంది. ఆ సినిమా బాగా ఆడినప్పుడు తల్లి నాకు ఫోన్ చేసి, ఒక్క మాట కూడా మాట్లాడకుండా కాసేపుండి పెట్టేసింది. సరైన పని చేశాననుకున్న రోజులున్నాయి. నేను వేలు పెట్టకుండా ఉంటే అటు చదువూ ఇటు సినిమా రెండూ ఏదోలా సాగేవేమో అనుకున్న రోజులు కూడా తక్కువేం కాదు.

నిరుడు పాప టెన్త్ పాసైంది. గొప్ప మార్కులు కావు, లెక్కల్లో గట్టెక్కిందంతే. ఆ వారంలోనే తల్లి ఫోన్ చేసింది. ఈసారి మాట్లాడింది. "సార్, ఒకసారి ఇంటికి రాండ్రి. ఇంటర్‌ల ఏ కాలేజీ, ఏ గ్రూపు అని అందరు తలో మాట చెప్తున్నరు. నాకేం సమజైతలేదు. మీరే చూసి చెప్పాలె."

మూడేళ్ళ తర్వాత ఆ ఇంటికి వెళ్ళాను. బల్ల మీద కాలేజీల కాగితాలు కుప్పగా ఉన్నాయి. మూడక్షరాల, నాలుగక్షరాల గ్రూపుల పేర్లు, ఆన్‌లైన్ దరఖాస్తులు, హాస్టళ్ళ బొమ్మలు. నాకు మళ్ళీ తల తిరిగింది. తల్లి టీ ఇచ్చి ఎదురుగా కూర్చుని నా ముఖంలోకి చూస్తోంది. నేను కాగితాలు పక్కకు జరిపి, "పాపని అడిగారా అమ్మా?" అన్నాను.

పాప లోపల్నుంచి వచ్చింది. నాకన్నా పొడుగైంది. "నిన్ననే ఇచ్చొచ్చిన అమ్మా అప్లికేషన్. సర్కారు జూనియర్ కాలేజీల, కామర్స్ గ్రూపు. మా మేడం చెప్పింది కూడ గదే. నువ్వు తిడతవని చెప్పలే" అంది. తల్లి నోరు తెరిచి నా వైపు చూసింది. నేను టీ తాగాను.

పాప నన్ను ఆటో దాకా దింపడానికి వీధి చివరకొచ్చింది. మూడేళ్ళుగా చెప్పాలనుకున్న మాట చెప్పాను. "ఆ రోజు అందరి ముందూ అలా అనకుండా ఉండాల్సింది తల్లీ. తప్పు చేశాను."

ఆ పిల్ల ఒక ఆటోను చెయ్యెత్తి ఆపింది. డ్రైవరుకు ఎక్కడికి పోవాలో తనే చెప్పింది. నేను ఎక్కి కూర్చున్నాక వంగి, "గా రోజు ఆఫీసు లోపలికి పోయే ముందు మీరు నన్ను ఒక్కసారి అడిగుంటే, నేనే చెప్తుంటి అంకుల్" అంది.

కోపంగా అనలేదు. ఇంకేదో చెబుతుందేమోనని చూశాను. "పైలంగ పోండ్రి" అని చెయ్యి ఊపింది. ఆటో కదిలింది.